చుక్క రాని వరుస

పోయినవారం మనం రెజీనా మేడమ్‌ను కరస్పాండెంటు గదిలో నిలబెట్టి వచ్చేశాం. కుర్చీ చూపించే మర్యాద ఆ గదిలో ఎవరికీ తట్టలేదు గనక ఆమె అంతా నిలబడే విన్నది. విన్నది ఇదీ: బెంగళూరు ఆసుపత్రివాళ్లు సోమవారం మన నర్సింగ్ కాలేజీకి వస్తున్నారు, ఉద్యోగాలకు పిల్లలను ఎంచుకుపోతారు. వాళ్లు ఉండేది ఒక్క పూట, చూసేది ఒక్క సెక్షన్‌నే. అది ఎ సెక్షనా, బి సెక్షనా అన్నది శనివారం తేలాలి. రెండు సెక్షన్ల పిల్లలూ కాలేజీ యజమానీ కరస్పాండెంటూ అయిన వెంకటేశ్వర్లు ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాలి. ఎవరు బాగా మాట్లాడితే వాళ్లే ఇంటర్వ్యూకు కూర్చుంటారు.

"ఓడిపోయిన పిల్లోళ్ల సంగతేంది సార్?" అని అడిగింది రెజీనా.

"వాళ్ల రాత," అన్నాడు వెంకటేశ్వర్లు సెల్లులోంచి తల ఎత్తకుండానే.

ఆ శనివారం వచ్చేసింది.

బి సెక్షన్‌కు ఇంగ్లీషు చెప్పేది రెజీనా, ఎ సెక్షన్‌కు అవినాష్. వెంకటేశ్వర్లుకు మేనల్లుడు. చదివింది వ్యవసాయ ఇంజినీరింగు. కర్నూలు నుంచి కడప దాకా ఎన్నో తోటల్లో డ్రిప్పు పైపులు పరిచాడు, ఆ పనిలో మంచి పేరే ఉంది. అక్కడితో ఆగివుంటే అందరం సుఖపడేవాళ్లం. కానీ చీనీచెట్టుకు, అదే బత్తాయి చెట్టుకు, నీళ్లు పట్టినట్టే ఆడపిల్లకు ఇంగ్లీషు కూడా పట్టవచ్చునని ఒకరోజు ఆయనకు జ్ఞానోదయమైంది. మడి నిండా నీళ్లు వదిలితే దండగ, వేరు దగ్గర చుక్కచుక్కగా వదిలితే చెట్టు తాగుతుంది. అట్లాగే క్లాసు నిండా మాటలు పారబోస్తే దండగ, ఒక్కో పిల్ల చెవిలో ఒక్కో వాక్యం చుక్కలాగా పడాలి. దీని పేరు బిందు విధానం. పేరు పెట్టాక స్లైడ్లు వచ్చాయి, స్లైడ్లకు బాణం గుర్తులు వచ్చాయి, బాణం గుర్తులకు రంగులు వచ్చాయి. పిల్లల చెవుల్లోకి ఇయర్‌ఫోన్లు వచ్చాయి. గంటకో వాక్యం టింగుమని పడుతుంది, పిల్ల దాన్ని మింగి కూర్చోవాలి. క్లాసులో ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. తెలుగైతే అసలే కూడదు. పైపులో బోరునీళ్ల ఉప్పు పేరుకున్నట్టు తెలుగు పేరుకుని కన్నాలు మూసేస్తుందట! ఆ విధానంలో టీచరును టీచరు అనరు, వాల్వ్ ఆపరేటర్ అంటారు.

ఆ మాట మొదటిసారి విన్నప్పుడు రెజీనాకు ఒళ్లు మండింది. తర్వాత్తర్వాత నవ్వడం అలవాటు చేసుకుంది. నవ్వడంలో ఆమెకు సాటి కాలేజీలో ఎవరూ లేరు. పెదవి ఒక పక్కకు కొంచెం వంగుతుంది, అంతే, ఎదుటి మనిషి చొక్కా గుండీ ఊడిపోయిందేమోనని తడుముకుంటాడు. స్టాఫ్‌రూములో అవినాష్‌కు ఆమె పెట్టిన పేరు పైపుల డాక్టరు. "ఈయప్ప ఆడపిల్లోళ్లను చీనీచెట్లు అంటాండాడు. రేపు పురుగుమందు కూడా కొడతాడేమో, ముక్కు మూసుకోండి," అని అందరి ముందూ అనేది. అవినాష్ చెవిన పడాలనే అనేది.

మరి ఆమె పద్ధతి ఏమిటి? రెజీనా తండ్రి ఏసేపు కర్నూలులో ఒక పాత చర్చిలో కొయిర్ నడిపిన మనిషి. అక్షరం రానివాళ్లను, నాపబండలు మోసి భుజాలు కాయలు కాచినవాళ్లను వరుసలు కట్టించి, నాలుగు గొంతుల కీర్తనలు పాడించాడు. ముందు పక్కవాడి గొంతు వినాలి. తర్వాత నోరు మూసుకుని రాగం పట్టుకోవాలి. అది కుదిరాక మాట అందుకోవాలి. గట్టి గొంతులు నడుమ, మెత్తటి గొంతులు వాటి చుట్టూ. రెజీనా ఇదంతా ఎత్తుకొచ్చి ఇంగ్లీషు క్లాసులో పెట్టింది. బి సెక్షన్ అంటే ఆత్మకూరు, అహోబిలం దిక్కు పల్లెల్లో తెలుగు మీడియం చదివివచ్చిన పిల్లలు. వాళ్లు కొయిర్‌లాగా వరుసల్లో నిలబడి, ఆమె చెయ్యి లేస్తే అందుకుని, చెయ్యి దిగితే ఆపుతారు. తండ్రి పాటల గదిలోంచి తెచ్చుకున్నది కూడా అరువేనని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఆమె దృష్టిలో అరువు తెచ్చుకునేవాళ్లు ఎప్పుడూ ఎదుటివాళ్లే.

శనివారం పొద్దున ప్రాక్టికల్ హాల్లో అందరూ చేరారు. ఒక పక్క ఎ సెక్షన్, ఒక పక్క బి సెక్షన్, నడుమ ఆసుపత్రి మంచం. మంచం మీద పడుకుని ఉన్న ప్లాస్టిక్ బొమ్మను వెంకటేశ్వర్లు ఒంటిచేత్తో లేపి గోడకు ఆనించాడు.

"ఈ బొమ్మేం మాట్లాడతాదప్పా? నేనే పేషెంటును," అని చెప్పులు విడిచి, తెల్లచొక్కా నలగకుండా సర్దుకుని మంచమెక్కి పడుకున్నాడు. ఆయనకు ఏ పనీ ఇంకొకరికి అప్పగించే అలవాటు లేదు. బోరు వేయిస్తే పాయింటు తానే చూస్తాడు, రిగ్గు పక్కన కుర్చీ వేసుకుని తానే కూర్చుంటాడు, ఎంత దిగినా దుమ్మే వస్తుంటే "ఇంగో వంద అడుగులు" అని తానే అంటాడు. ఎండిపోయిన బోరును ఒప్పుకున్న పాపాన ఎన్నడూ పోలేదు.

ఎ సెక్షన్ నుంచి మధులత ముందుకొచ్చింది. డోన్ పిల్ల, తండ్రి రైల్వేలో పని. చురుకైనదే. అవినాష్ స్లైడ్లలో చిగురు వేసిన మొక్క బొమ్మ పక్కన ఉండే ఫొటో ఈ అమ్మాయిదే. ఆమెకు పడిన చుక్కల వరుస ఇదీ: ముందు పలకరింపు, తర్వాత పేరు, తర్వాత వయసు, తర్వాత ఊరు, ఆ తర్వాతనే బాధ.

పాపం, వెంకటేశ్వర్లుకు ఆ వరుస తెలియదు. మంచమెక్కిన వెంటనే గుండె పట్టుకున్నాడు.

"చెస్ట్ పెయిన్! చెస్ట్ పెయిన్!"

"గుడ్ మార్నింగ్ సర్," అంది మధులత చక్కగా. "వాట్ ఈజ్ యువర్ నేమ్?"

"నేమ్ యాడిదమ్మా, చెస్ట్ పెయిన్ అంటాంటే!"

"థాంక్యూ సర్. హౌ ఓల్డ్ ఆర్ యూ?"

"పోతాండా పాపా! అయామ్ గోయింగ్!"

"వెరీ గుడ్ సర్. వేర్ ఆర్ యూ కమింగ్ ఫ్రమ్?"

రెజీనా నవ్వింది. ఈసారి పెదవి వంచడంతో ఆపలేదు. హాలంతా మారుమోగేలాగా, కళ్లనీళ్లు తుడుచుకునేలాగా నవ్వింది. మధులత ముఖం ఎర్రబడింది. తల దించుకుని వెనక్కి నడిచి, తన వరుసలో మూడో మనిషి వెనక దాక్కుంది. రెజీనా అది చూడలేదు. ఆమె చూస్తున్నది అవినాష్‌ను. ఆ ముఖం మాడిపోవడం చూసే భాగ్యం ఇన్ని నెలల తర్వాత దొరికింది, అంత తొందరగా వదులుకుంటుందా?

వెంకటేశ్వర్లు లేచి కూర్చున్నాడు. "ఏమబ్బీ, ఆ పాప ఊరి పేరు అడిగేలోగా నేను పాడెక్కుంటి గదరా!"

"వరస మారింది మామా," అన్నాడు అవినాష్ నీరసంగా. "ప్రోగ్రాములో బాధ ఐదో చుక్క. అది ముందుకు జరిపితే..."

"పేషెంటుకు చెప్పండి అవినాష్ గారూ," అంది రెజీనా. "గుండెనొప్పి వచ్చేముందు మీ ప్రోగ్రాము చూసుకోమని చెప్పండి."

తర్వాత బి సెక్షన్ వంతు. రెజీనా చెయ్యి ఎత్తింది. మూడు వరుసల పిల్లలూ ఒక్కసారిగా ఊపిరి పీల్చారు. వెంకటేశ్వర్లు ఈసారి మరీ పెంకితనంగా, ముందు కాలు అన్నాడు, వెంటనే తల అన్నాడు, అంతలోనే మళ్లీ గుండె పట్టుకున్నాడు. ఏమన్నా సరే, నడుమ నిలబడ్డ అంజలి ఆ మాట పట్టుకోవడం, పక్కవాళ్లు దాన్ని అందుకోవడం, జవాబు వరుసలన్నిటి నుంచీ కలిసి రావడం. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి నొప్పి, భయపడకండి సార్, డాక్టరును పిలుస్తున్నాం, మీ పక్కనే ఉన్నాం. అన్నీ ఇంగ్లీషులోనే, తడబాటు లేకుండా, ఒకే గొంతుతో. చివరి మాటను మెల్లగా దించి ఆపేశారు.

వెంకటేశ్వర్లు పడుకునే గుండె మీది చెయ్యి తీశాడు. "అబ్బా," అన్నాడు. "నిజంగానే పానం బాగైనట్లుండాది. రెజీనమ్మా, ఇంగేముండాది? సోమవారం నీ పిల్లోళ్లే కూర్చుంటారు."

గెలిచింది. అక్కడ నోరు మూసుకుని తన పిల్లలను తీసుకుని వెళ్లిపోయివుంటే ఈ కథ ఈ వారంతోనే సుఖంగా ముగిసేది. కానీ గెలిచిన చోట నోరు మూసుకునే విద్య ఏసేపు తన కూతురికి నేర్పలేదు, మరి ఆయనకు వచ్చో రాదో.

"అవినాష్ గారూ," అంది ఆమె, అందరికీ వినపడేలాగా. "ఇంగ ఆ పైపులు చుట్టి లోపల పెట్టుకోండి. చీనీతోటల్లో పనికొస్తాయి. ఇది మనుషులుండే చోటు."

అవినాష్ అప్పటిదాకా నేల చూస్తున్నాడు. ఆ మాటకు తల ఎత్తాడు. కోపం రాలేదు. పనిలోకి దిగే మనిషి ముఖం పెట్టాడు. అది ఆ కాలేజీలో ఎవరూ చూడని ముఖం, తోటల్లో రైతులు మాత్రమే చూసింది.

"మామా, ఇంగొక్కసారి మాట్లాడమనండి. నేను లైను నడిచి చూస్తా."

"లైనేందప్పా?"

"డ్రిప్పు వదిలినాక గట్టు మీద నిలబడి చూస్తే తోటంతా పచ్చగానే కనపడతాది మామా. దేనికి నీళ్లు పడతాండాయో, దేనికి పడ్డంల్యాదో తెలీదు. పైపు ఎంబడి నడిచి, ఒక్కో చెట్టు కాడ వంగి చూడల్ల. నేను నేర్చుకున్న పనిలో మొదటిది అదే."

రెజీనా పెదవి మళ్లీ పక్కకు వంగింది. "నడవండప్పా, నడవండి. మా పిల్లోళ్ల మొదళ్ల కాడ తేమ ఎంతుండాదో కూడా తవ్వి చూడండి." చెయ్యి ఎత్తింది. ఊపిరి. అంజలి గొంతు. వెనకే అందరూ.

అవినాష్ నడవడం మొదలుపెట్టాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో పిల్ల ముందు కొంచెం వంగి, చెవి పెట్టి, తల ఊపి, పక్కకు జరుగుతూ. చూడటానికి ఎంత వెకిలిగా ఉందో చెప్పలేం. మొదటి వరుస దాటాడు. రెండో వరుస దాటాడు, అక్కడా ఒకరిద్దరి దగ్గర ఆగి నుదురు చిట్లించాడు గాని ఏమీ అనలేదు. మూడో వరుస చివర ఓబులమ్మ ఉంది. అహోబిలం కింద ఒక చిన్న పల్లె పిల్ల, గొర్రెలున్న ఇల్లు. పొడుగు మనిషి, పెద్ద గొంతు, కొట్టం ఈ కొస నుంచి పిలిస్తే ఆ కొసన ఉన్న జీవాలన్నీ తల తిప్పే గొంతు. అవినాష్ ఆమె ముందు వంగి, అట్లాగే ఉండిపోయాడు.

"ఈడ చుక్క రాల్యా," అన్నాడు.

పక్క పిల్ల దగ్గరకు జరిగాడు. "ఈడా రాల్యా." ఇంకో పిల్ల. "ఈడా అంతే." వరుస చివరి దాకా పోయి వెనక్కి తిరిగాడు. "మామా, ఈ వరస వరసంతా మూసుకపోయిండాది."

"ఏం మాటలవి?" అంది రెజీనా. "నోళ్లు కనపడ్డంలేదా మీకు? మాట్లాడతాండారు గదా!"

వెంకటేశ్వర్లు మంచం దిగాడు. చెప్పులు కూడా వేసుకోకుండా మూడో వరుస దగ్గరకు నడిచి, మేనల్లుడి మాదిరే తానూ వంగి చెవి పెట్టాడు. ఒకరి దగ్గర. ఇంకొకరి దగ్గర. లేచి నిలబడి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ముందుండేవాళ్లు ఆపండమ్మా. ఊరకుండండి. ఎనకుండేవాళ్లు మాత్రం చెప్పండి."

మొదటి రెండు వరుసలూ ఆగిపోయాయి. ఇక మూడో వరుస గొంతు రావాలి. రాలేదు. కానీ ఆ పిల్లల పెదాలు ఆగలేదు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి నొప్పి, భయపడకండి సార్, అన్నీ పలుకుతున్నాయి, అందరివీ ఒకే తాళంలో, ఒక్కరు ముందుకు పోకుండా, ఒక్కరు వెనకబడకుండా. శబ్దం మాత్రం లేదు. ఎ సెక్షన్‌లో ఎవరో పిల్ల చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి కాదు.

"ఓబులమ్మా!" అని అరిచింది రెజీనా. "గొంతు తీ!"

ఓబులమ్మ పెదాలు ఆగాయి. ఆ పిల్ల మేడమ్ వంక బిత్తరపోయి చూసింది.

"తీయొచ్చా మేడమ్?" అంది.

ఓబులమ్మ చెప్పుకుంటూ పోయింది, తప్పు తనదేనేమో అన్నట్టు. "మీరే గదా మేడమ్ చెప్పింది? యూనివర్సిటీవాళ్లు వచ్చిన దినం. మీ గొంతులు ముతగ్గా ఉండాయి, ఎనకల నిలబడి ఊరికే పెదాలాడీండి, గొంతు ఎత్తొద్దండి అంటిరి. మళ్లా ఎత్తమని మీరెప్పుడూ చెప్పల్యా. అందుకని అట్లే చేస్తాండాం."

"అది ఆ ఒక్క దినానికే గదా..." అంది రెజీనా.

ఎక్కడిదీ బుద్ధి? ఏసేపుదే. క్రిస్మస్ ఆరాధన నాడు అపస్వరం వచ్చే గొంతులను ఆయన ఇంటికి పంపేవాడు కాదు. పండగ పూట పేదవాళ్ల మనసు నొప్పించకూడదని, తెల్లబట్టలతో వాళ్లనూ వరుసలో నిలబెట్టి, ఈరోజుకు పెదాలు మాత్రం ఆడించండి అనేవాడు. పండగ అయిపోయాక వచ్చే మొదటి సాధకానికి అందరికంటే ముందు వాళ్లనే పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరి గొంతూ సరయ్యేదాకా వదిలేవాడు కాదు. కూతురు తండ్రి విద్యలో పండగ నాటి సగం తెచ్చుకుంది. తర్వాతి సగానికి ఓపిక కావాలి, అది ఆ ఇంట్లోనే వదిలేసి వచ్చింది. యూనివర్సిటీవాళ్లు వచ్చిన పండగ వెళ్లిపోయింది, ఏడాది గడిచిపోయింది, వెనక వరుస మాత్రం తెల్లబట్టలు వేసుకుని ఇంకా పెదాలాడిస్తూనే ఉంది. రోజూ ఎదురుగా నిలబడి చెయ్యి ఊపే మనిషికి అది తెలియలేదంటే, ఆమె చూసింది పిల్లలను కాదు, తన చేతినే.

"ఒక్కరోజన్నా నన్ను అడగచ్చు గదే," అంది రెజీనా.

"అడిగితే తప్పు మాట్లాడతాం గదా మేడమ్," అంది ఓబులమ్మ. "తప్పు మాట్లాడితే మీరు నవ్వుతారు. మాట్లాడకపోతే ఏమనరు."

అవినాష్ ఊరుకుని ఉంటే పెద్దమనిషి అనిపించుకునేవాడు. కానీ పాపం, ఆయన కూడా గెలుపు మింగి ఊరుకునే రకం కాదు. "మేడమ్, డ్రిప్పరు మూసుకపోతే మేము విప్పి కడిగి పెడతాం. మీరు పైన రంగేసి పెట్టినారు," అన్నాడు. ఈ మాట ఆయన స్లైడ్లలోకి తప్పకుండా ఎక్కుతుంది, బాణం గుర్తుతో సహా.

వెంకటేశ్వర్లు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పనికిరాని రెండు రిగ్గులను చూసే చూపు అది.

"ఒకడు పేషెంటును సంపుతాడు, ఇంగొకామె మూగనర్సులను తయారుచేస్తాది. ఇద్దరూ ఇద్దరే మహానుభావులు." మంచం అంచున కూర్చుని చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. "సరే. వాళ్లు అడిగింది ఒక్క సెక్షన్. బి సెక్షన్‌లో ముందు రెండు వరసలు తీసుకపోయి ఎ సెక్షన్‌లో కలపండి. దాన్నే ఒక సెక్షన్ అనండి. ఎవురు వచ్చి లెక్కబెడతాడు? ఈ ఎనక వరస సోమవారం హాస్టల్లోనే ఉండల్ల. బయటకు రాగూడదు."

"తోటలో కూడా అట్లే మామా," అన్నాడు అవినాష్ హుషారుగా. "పెరగని మొక్కలను పీకి పలచన చేస్తే మిగతావి..."

"ఊరుకోవయ్యా!" రెజీనా అరుపుకు అవినాష్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె వెంకటేశ్వర్లు ముందుకు పోయి నిలబడింది. జన్మలో ఎవరినీ ఏదీ అడుక్కోని మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుంది. "సార్, తప్పు నాది. వీళ్లది కాదు. వీళ్లను తీసేయద్దండి. సోమవారం దాకా నాకిడవండి. వరసలొద్దు, పాటలొద్దు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుంటా. కావాలంటే నా ఉద్యోగం తీసేయండి, వీళ్లను మాత్రం ఇంటర్వ్యూకు కూర్చోనీయండి."

ఇన్నేళ్లలో రెజీనా తన ముందు ఇట్లా నిలబడటం వెంకటేశ్వర్లు చూడలేదు. చూసి కొంచెం సంతోషించాడు కూడా, ఎందుకు అబద్ధం చెప్పాలి. కానీ ఆ సంతోషం కింద ఇంకో బుద్ధి కూడా ఉంది. దిగిన బోరును సగంలో వదిలేయడం ఆయన వల్ల కాదు. దుమ్ము లేస్తుంటే ఆయనకు నీళ్ల వాసన వస్తుంది. ఆస్తిలో సగం అట్లాగే పోయింది.

"సరేలే," అన్నాడు. "ఇంగో వంద అడుగులు దించి చూస్తాం. ఈ వరస నీకిచ్చినా. సోమవారం పొద్దున నేనే వచ్చి ఒక్కొక్కరి కాడ చెవి పెట్టి ఇంటా. మాట్లాడినోళ్లు కూర్చుంటారు."

రెజీనాకు ఊపిరి ఆడింది. వెనక్కి తిరిగి వెనక వరుస వైపు చెయ్యి చాపింది. "రాండమ్మా. పోదాం. ఓబులమ్మా, ముందు నువ్వు రా."

వరుసలోంచి ఓబులమ్మ బయటికి వచ్చింది. కానీ రెజీనా దగ్గరకు రాలేదు. నడుమ ఉన్న మంచం దాకా వచ్చి, దాని ఇనుప కమ్మీ పట్టుకుని ఆగింది. పక్కన ఎవరూ లేరు. పట్టుకోవడానికి ముందు గొంతు లేదు, అందుకోవడానికి వెనక గొంతు లేదు. వెంకటేశ్వర్లు వంక తిరిగి, ఎ సెక్షన్ వైపు చెయ్యి చూపి నోరు తెరిచింది.

"సర్," అంది. "ప్లీజ్ పుట్ మి ఇన్ దట్ సెక్షన్. ఐ డోంట్ వాంట్ టు లర్న్ ఫ్రమ్ మేడమ్."

ముతక గొంతే. గోడకు ఆనించిన ప్లాస్టిక్ బొమ్మ దాకా పోయి తిరిగొచ్చే గొంతు. కానీ ఒక్క మాట తడబడలేదు. అలవాటు చొప్పున రెజీనా చెవి ఆ వాక్యాలలో తప్పు కోసం వెతికింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెతికింది. ఒక్కటీ దొరకలేదు. ఏడాదంతా నోరు మూసుకుని తన పాఠం విన్న పిల్ల, తన దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులో మొట్టమొదట గొంతెత్తి చెప్పింది, తన దగ్గర ఉండనని.

"చూసినారా మామా..." అని అవినాష్ ఏదో మొదలుపెట్టాడు.

"నువ్వుండబ్బీ," అన్నాడు వెంకటేశ్వర్లు. ఆయన చూపు రెజీనా మీదే ఉంది. వెనక వరుసలో మిగిలిన పిల్లలందరి చూపూ ఆమె మీదే ఉంది. వదిలేస్తే, ఈ గొంతు ఇయర్‌ఫోన్ల కిందికి పోతుంది. పేషెంటు గుండె పట్టుకుంటే ఊరి పేరు అడిగే చోటికి పోతుంది, దాని వెనకే వరుసంతా పోతుంది. పట్టి ఉంచుకుంటే, ఇప్పుడే తెరుచుకున్న ఆ నోరు తన ముందు మళ్లీ తెరుచుకోదు. ఈ రెండూ ఆమెకు తెలుసు. ఏది ఎక్కువ పాపమో మాత్రం తెలియలేదు.

"ఆ పాప అడిగింది ఇంటివి గదా," అన్నాడు వెంకటేశ్వర్లు. "వరస నీకిచ్చినా. నువ్వే చెప్పల్ల రెజీనమ్మా. ఈ పిల్లను ఇడుస్తావా, ఇడవవా?"